పేడ ఎంత తోలినా చేనుకు నత్రజని చాలడం లేదా? లోపం దొడ్డిలోనే మొదలవుతుంది

ముందుగా మీ పరిస్థితిని నాకు అర్థమైనంతలో చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మట్టి నేల దొడ్లలో ఏడాది పొడవునా 200 కోడెలను బలిపిస్తున్నారు. ఏడాదికి రెండుసార్లు దొడ్లు గీకి, ఆ పేడను కొన్ని నెలలు కుప్ప వేసి, తరువాత పక్కనే ఉన్న 60 ఎకరాల మొక్కజొన్న చేనుకు తోలుతున్నారు. ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఇంత ఎరువు వేసినా పైరు మోకాలెత్తు దాటేసరికి కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. భూసార పరీక్షలో భాస్వరం మాత్రం ‘చాలా ఎక్కువ’ అని వచ్చింది. చేను దిగువన ఉన్న కుంట నీళ్ళు పచ్చబడ్డాయి. ఎకరానికి ఎంత ఎరువు వేయాలి, పైన యూరియా వేయాలా వద్దా, వాసన తగ్గించే మందు ఏదైనా ఉందా అన్నవి మీ ప్రశ్నలు.

వీటన్నిటికంటే ముందు ఒక పని ఈ రోజే చేయండి. ఆ కుంట నీళ్ళు పశువులు తాగకుండా కంచె కట్టండి. నీటి మీద పచ్చ రంగు పోసినట్టు తెట్టె కడితే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. అందులో కొన్ని రకాలు వదిలే విషం పశువును గంటల్లో చంపగలదు, వైద్యానికి వ్యవధి కూడా ఉండదు. మిగిలినవన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇక అసలు విషయం. చేనులో నత్రజని తక్కువ కావడం, భాస్వరం పేరుకోవడం, దొడ్డిలో ముక్కు పగిలే ఘాటు, వీటన్నిటి మూలం ఒకటే. కోడె వేసిన పేడను, పోసిన మూత్రాన్ని కలిపి చూస్తే మొక్కజొన్నకు కావలసిన పాళ్ళలోనే పోషకాలు ఉంటాయి. చేను చేరేలోపు ఆ పాళ్ళు చెదిరిపోతున్నాయి. నత్రజని గాలిలో కలిసిపోతోంది. భాస్వరానికి అలా ఎగిరిపోయే దారి లేదు కాబట్టి అది అక్కడే మిగులుతోంది. మీరు నత్రజని కోసం బండ్లు తోలుతున్నారు, చేనుకు చేరుతున్నది భాస్వరం.

ఊరికే చెబితే నమ్మకం కలగదు, లెక్క వేద్దాం. కోడె రోజుకు 10 కిలోల పొడి పదార్థం తింటుందనుకోండి. అందులో మాంసకృత్తులు 13 శాతం ఉంటే 1,300 గ్రాములు. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం కాబట్టి కోడె కడుపులోకి వెళ్ళే నత్రజని 208 గ్రాములు. ఒంటికి పట్టేది అందులో 10 నుంచి 15 శాతం మాత్రమే. తక్కిన 180 గ్రాములు బయటికి వచ్చేస్తాయి. భాస్వరం మేతలో 0.35 శాతం ఉంటే రోజుకు 35 గ్రాములు, ఒంటికి పట్టేది సుమారు 7 గ్రాములు, బయటికి వచ్చేది 28. అంటే నేల మీద పడిన క్షణంలో భాస్వరం ఒక పాలు ఉంటే నత్రజని ఆరు పాళ్ళకు పైనే ఉంది. మొక్కజొన్నను పచ్చిగా కోసి పాతర వేసే రైతు చేను నుంచి ఎకరానికి రమారమి 12 కిలోల భాస్వరం, 70 కిలోలకు పైగా నత్రజని వెళ్ళిపోతాయి. అక్కడా ఒకటికి ఆరే. పశువు మేసినది పశువు నుంచి తిరిగి వస్తోంది కాబట్టి ఆ రెండు లెక్కలూ దగ్గరగా ఉండటం సహజమే.

ఇప్పుడు దీన్ని 200 కోడెలకు, 365 రోజులకు హెచ్చిస్తే ఏడాదికి నత్రజని 13,000 కిలోలు, భాస్వరం 2,000 కిలోలు. పైకప్పు లేని మట్టి దొడ్లలో నత్రజనిలో సగం, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ, అమ్మోనియాగా పోతుంది. ఏడాదికి రెండేసార్లు గీకే మీ దొడ్లలో 60 శాతం పోయిందనుకుంటే మిగిలేది 5,200 కిలోలు. కుప్పలో మరికొంత పోయి 4,500 కిలోలు చేనుకు చేరుతుందనుకుందాం. 60 ఎకరాలకు పంచితే ఎకరానికి 75 కిలోలు. చూడటానికి సరిపోయినట్టే ఉంది కదా. కానీ గీకిన పేడలోని నత్రజని చాలావరకు సేంద్రియ రూపంలో ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే తప్ప వేరుకు అందదు. మొదటి ఏడాది అందేది మూడో వంతు మాత్రమే, తరువాతి ఏళ్ళలో తగ్గుతూ కొంచెం కొంచెం. పాత ఏళ్ళ మిగులు కలుపుకున్నా మీ పైరుకు ఏటా దక్కేది 40 కిలోల దగ్గరే ఆగిపోతుంది. కావలసింది 70 పైన. ఆకులు పసుపు తిరగక ఏమవుతాయి?

భాస్వరం వైపు చూడండి. 2,000 కిలోలను 60 ఎకరాలకు పంచితే ఎకరానికి 33 కిలోలు. పైరు తీసుకెళ్ళేది 12. గింజ ఒక్కటే కోసుకుని చొప్పను చేనులోనే వదిలేస్తే అంత కూడా వెళ్ళదు. ఏటా 20 కిలోలకు పైగా మిగులు, ఆరేళ్ళలో ఎకరానికి 120 కిలోలు. ఈ రోజు నుంచి ఒక్క తట్ట ఎరువు వేయకపోయినా పదేళ్ళ పంటకు సరిపడా నిల్వ మీ మట్టిలో ఉందన్నమాట. ఆ నిల్వలో కొంత ప్రతి వానకూ మట్టి రేణువులను పట్టుకుని కుంటలోకి దిగుతోంది, కొంత నీటిలో కరిగి దిగుతోంది. కుంట పచ్చబడటానికి లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాములో పదో వంతు భాస్వరం చాలు. చేనులో చూస్తే లెక్కలోకి రానంత కొంచెం అది. కుంటకు మాత్రం చాలా ఎక్కువ.

ఈ అంకెల స్థానంలో మీ మేత పట్టిక అంకెలు పెట్టి మళ్ళీ లెక్క వేసుకోండి. ఒక్క జాగ్రత్త. పరీక్షా నివేదికలు కొన్ని భాస్వరాన్ని నేరుగా ఇస్తాయి, కొన్ని పి2ఓ5 రూపంలో ఇస్తాయి. రెండో రకం అంకెను 2.29తో భాగిస్తే అసలు భాస్వరం వస్తుంది. పొటాష్‌ను కె2ఓ అని రాస్తే 1.2తో భాగించాలి. మొదట్లో నేను ఈ తేడా చూసుకోకుండా ఒక చేనుకు ఏడాదంతా తప్పు మోతాదు వేయించాను. నివేదికలో మొట్టమొదట చూడవలసింది ఆ గడి పైన రాసిన శీర్షికనే.

దిద్దుబాటు ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది పేడ కుప్ప దగ్గర మొదలుపెడతారు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట రాసినట్టు ఉంటుంది అది. మేత తొట్టి దగ్గర మొదలుపెట్టండి. తొట్టిలో పడని భాస్వరాన్ని గీకనక్కరలేదు, తోలనక్కరలేదు, దాని కోసం భూమి వెతకనక్కరలేదు.

గింజ ఎక్కువగా తినే బలిసే కోడెకు రోజుకు కావలసిన భాస్వరం 20 గ్రాములకు కొంచెం అటూ ఇటూ. మొక్కజొన్న గింజలోనే దాదాపు 0.3 శాతం భాస్వరం ఉంటుంది. తవుడులో, నూనెచెక్కల్లో ఇంకా ఎక్కువ. ఇథనాల్ కర్మాగారాల నుంచి వచ్చే డీడీజీఎస్ (ఎండబెట్టిన గింజల పిప్పి)లో పిండి పదార్థం పోయి మిగతాదంతా చిక్కబడుతుంది కాబట్టి గింజలో ఉన్నదానికి రెండు మూడు రెట్ల భాస్వరం ఉంటుంది. అంటే గింజల దాణా తినే కోడెకు విడిగా భాస్వరం పెట్టవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. అయినా దొడ్డి తరువాత దొడ్డిలో నేను చూసేది ఒకటే: ఎముకల బలానికి అని డైకాల్షియం ఫాస్ఫేట్ కలుపుతూ ఉంటారు. తలకు రోజుకు 50 గ్రాములు వేసినా అందులో 9 గ్రాముల భాస్వరం ఉంటుంది. 200 కోడెలకు ఏడాదికి 657 కిలోలు. మీ చేను లెక్కలో 55 ఎకరాల పంట మొత్తం తీసుకునేంత భాస్వరం అది. పిడికెడు పొడి మానేస్తే 55 ఎకరాల భారం తగ్గుతుంది.

గింజల మేతలో నిజంగా తక్కువయ్యేది కాల్షియం. దానికి సున్నపురాయి పొడి చాలు, అందులో భాస్వరం ఉండదు. కాల్షియం, భాస్వరాల పాళ్ళు రెండుకు ఒకటిగా ఉండేలా చూసుకోండి. భాస్వరం ఎక్కువై కాల్షియం తక్కువైతే వట్టలు కొట్టిన కోడెల్లో మూత్రనాళంలో రాళ్ళు కట్టి మూత్రం బిగిసిపోతుంది. కడుపు నొప్పితో కాళ్ళు తన్నుకుంటూ, తోక ఎత్తి ముక్కుతూ చుక్క కూడా రాని కోడెను ఒకసారి చూసినవారు ఆ పాళ్ళను మళ్ళీ అశ్రద్ధ చేయరు. మార్పు చేసేముందు మేత పట్టిక మొత్తం పశు పోషణ నిపుణుడికి చూపించండి, ఒక్క సరుకు మార్చి మిగతావి వదిలేయకండి.

మాంసకృత్తుల సంగతీ అంతే. 13 శాతం చాలినచోట 14.5 శాతం పెడితే రోజుకు అదనంగా వెళ్ళే 24 గ్రాముల నత్రజని మొత్తం మూత్రంలో యూరియాగా దిగుతుంది. కోడె బరువు పెరిగి చివరి దశకు వచ్చేసరికి ఒంటికి పట్టేది ఎక్కువగా కొవ్వే, కండ తక్కువ. ఆ దశలో మాంసకృత్తుల అవసరమూ తగ్గుతుంది. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే దాణా పెట్టడం సులువే గాని, ఆ సులువు ఖరీదు దొడ్డి ఘాటులో కనిపిస్తుంది.

ఇప్పుడు దొడ్డిలోకి వెళ్దాం. మీరు ఒక పార తీసుకుని, కోడెలు పడుకునే చోట మోకాలు ఆనించి కూర్చుని, ఒక జానెడు లోతు గుంట నిలువుగా కోయండి. గోడలాగా నిలిచిన ఆ కోతను దగ్గరగా చూడండి. పైన వదులుగా, గోధుమ రంగులో, వేళ్ళ మధ్య రాలిపోయే పొడి పేడ. దాని కింద తడిగా, ముద్దగా ఉండే పొర. దాని కింద ఒకటి రెండు అంగుళాల మందాన నల్లగా, పార తగిలితే గట్టిగా, కోసినచోట కొంచెం మెరుస్తూ ఉండే పొర. ఆ కింద మామూలు రంగులో మట్టి. ఆ నల్లని పొరే మీ దొడ్డికి అడుగు. డెక్కల తొక్కుడుకు పేడ, మట్టి కలిసి బిగిసిపోయి, సేంద్రియ పదార్థం సందులు పూడ్చి, నీరు కిందికి దిగకుండా మూత వేసినట్టు ఉంటుంది. పశువులు తిరుగుతున్నంతకాలం దాని కిందికి నైట్రేట్, అంటే నీటిలో కరిగి దిగిపోయే రూపంలోని నత్రజని, పెద్దగా దిగదు.

గీకేటప్పుడు ఆ పొర పైదాకానే గీకాలి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన ట్రాక్టర్ నడిపే కుర్రవాడు శుభ్రంగా చేయాలనే ఉత్సాహంతో ఎర్రమట్టి తేలేదాకా గీకేశాడు. దొడ్డి కడిగినట్టు కనిపించింది. మొదటి వానకే ఆ చోట్లలో గుంటలు పడి, నీరు నిలిచి, కోడెలు మోకాళ్ళలోతు బురదలో నిలబడ్డాయి. తోలిన ఎరువులో సగానికి సగం మట్టి. ఎరువు నమూనాను కాల్చినప్పుడు బూడిద 50 శాతం దాటిందంటే మీరు డీజిల్ పోసి మట్టిని మోస్తున్నారని అర్థం. అందుకే నేను తవ్వే పలక కంటే వెనక లాగే పలకతో గీకించడమే మేలంటాను. తోలే మనిషికి ఆ నల్లని పొరను పారతో కోసి చూపించండి, నోటితో చెప్పడం కంటే అది బాగా గుర్తుంటుంది. ఎప్పుడైనా ఒక దొడ్డి శాశ్వతంగా ఖాళీ చేస్తే మాత్రం ఆ పొర ఎండి బీటలు వారుతుంది, లోపలికి గాలి దూరి నైట్రేట్ తయారై వానతో కిందికి దిగుతుంది. వదిలేసిన దొడ్డిలో పేడ, ఆ పొర కూడా తీసేసి, నత్రజనిని బాగా పీల్చుకునే పైరు వేయాలి.

వాసన గురించి అడిగారు. వాసనలు రెండు. కళ్ళు మండించే ఘాటు అమ్మోనియా. మూత్రంలోని యూరియాకు పేడలోని సూక్ష్మజీవుల ఎంజైము తగలగానే గంటల నుంచి రెండు మూడు రోజుల్లో అది అమ్మోనియాగా మారి లేచిపోతుంది, ఎండ, గాలి ఉంటే ఇంకా త్వరగా. రెండోది కుళ్ళు కంపు. అది తడి పేరుకుని గాలి ఆడని చోట పుడుతుంది. కుళ్ళు కంపుకు మందు పొడి నేల. దొడ్డి నేలలో తేమ 25 నుంచి 35 శాతం మధ్య ఉంటే దుమ్మూ లేవదు, కంపూ పుట్టదు. పిడికిట్లో నొక్కి చూడండి. వేళ్ళ సందుల్లోంచి తడి వస్తే ఎక్కువ, వదలగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువ. మందుల సీసాలు కొనేముందు నీటి తొట్టెల చుట్టూ ఒక్కసారి నడవండి. కారే తేలుబంతి కవాటం ఒక్కటి ఏడాది పొడవునా ఒక దొడ్డి మూలను బురదగా ఉంచుతుంది. కంచె కింద పేరుకున్న పేడ గట్టును కూడా చూడండి. కోడెలు తొక్కని చోటు అది, ఈగ గుడ్డు పెట్టేది అక్కడే, వాన నీరు ఆగేదీ అక్కడే. వేడిగా ఉన్న రోజుల్లో ఈగ గుడ్డు నుంచి ఈగ రావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి ఆ గట్టును వారానికొకసారి లాగేయాలి. దొడ్డి నేలకు 2 నుంచి 4 శాతం వాలు ఉంటే నీరు నిలవదు. చల్లే మందుల్లో ఈ పనులకు బదులు కాగలిగినది నేను ఒక్కటీ చూడలేదు.

అమ్మోనియా నష్టాన్ని పూర్తిగా ఆపలేం, తగ్గించగలం. మేతలో అదనపు మాంసకృత్తులు తగ్గించడం మొదటిది. రెండు గీకుళ్ళను నాలుగుకు పెంచడం రెండోది. పడుకునే చోట గడ్డి, ఊక, రంపపు పొట్టు వంటివి చల్లితే వాటిలోని కర్బనంతో సూక్ష్మజీవులు పెరిగి నత్రజనిని తమ ఒంట్లో పట్టి ఉంచుతాయి. వీటితో నత్రజని నష్టం 60 నుంచి 45 శాతానికి దిగినా మీకు ఏటా దాదాపు 2,000 కిలోల నత్రజని దక్కినట్టే.

వాన నీటి విషయంలో ఒక్కటే సూత్రం: శుభ్రమైన నీరు పేడను తాకకూడదు, పేడను తాకిన నీరు కుంటను తాకకూడదు. ఎగువ నుంచి వచ్చే నీటిని గట్టు వేసి దొడ్ల పక్కనుంచి మళ్ళించండి, షెడ్డు కప్పు నీళ్ళను గొట్టంతో బయటికి పంపండి. దొడ్లలో పడిన వాన ముందు లోతు తక్కువ ఉన్న ఒక మడుగులోకి నెమ్మదిగా పారాలి. అక్కడ ఘన పదార్థంలో సగం దాకా అడుగున చేరుతుంది. తరువాతే బంకమట్టితో బిగించిన గుంటలోకి వెళ్ళాలి. ఆ మధ్య మడుగు లేకపోతే గుంట త్వరగా పూడిపోతుంది. గుంట ఎంత పెద్దగా ఉండాలన్నది మీ ప్రాంతపు వానను, అక్కడి నిబంధనలను బట్టి ఇంజనీరు చెప్పాలి. ఆ నీటిలో ఉప్పు, పొటాష్ ఎక్కువగా ఉంటాయి కాబట్టి మంచి నీటితో కలపకుండా లేత పైరుకు పెట్టకండి. ఎక్కడైనా మూసి ఉన్న పేడ తొట్టి ఉంటే, దాన్ని కలిపేటప్పుడు లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిమిషాల్లో చంపుతుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగాక వాసన తెలియకుండా పోతుంది. లోపల పడినవాణ్ణి కాపాడబోయి వెంట దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు ఎన్నో. శ్వాస పరికరం లేకుండా ఎవరినీ దిగనివ్వకండి.

ఇక ఎకరానికి ఎంత అన్న మీ ప్రశ్న. ముందు ఎరువును పరీక్ష చేయించాలి. కుప్ప పైపైన కాకుండా అడుగు లోతు తవ్వి, 15–20 చోట్ల నుంచి గుప్పెడు చొప్పున బకెట్‌లోకి తీసి, బాగా కలిపి, అందులోంచి ఒక కిలో గాలి చొరని సంచిలో కట్టి, చల్లగా ఉంచి అదే రోజు పంపండి. ఉదాహరణకు పొడి పదార్థం 60 శాతం, అందులో భాస్వరం 0.7 శాతం, నత్రజని 1.5 శాతం అని వచ్చిందనుకోండి. టన్ను ఎరువులో భాస్వరం 4.2 కిలోలు, నత్రజని 9 కిలోలు. ఎకరానికి ఏటా 12 కిలోల భాస్వరం కావాలంటే ఎరువు మూడు టన్నులకు కొంచెం తక్కువ. అంత పలచగా ఏ బండీ సమంగా చల్లలేదు. అందువల్ల మూడేళ్ళ భాస్వరాన్ని ఒకేసారి, అంటే ఎనిమిదిన్నర టన్నులు వేసి, ఆ చేనుకు మరో రెండేళ్ళు ఎరువు పోకుండా ఆపాలి. అందులో మొత్తం నత్రజని 77 కిలోలే కాబట్టి నైట్రేట్ కిందికి దిగే భయం కూడా పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ అంకెల ప్రకారం మీ దొడ్ల నుంచి ఏడాదికి వచ్చే ఎరువు 480 టన్నుల దాకా. 60 ఎకరాలకు అంటే ఎకరానికి 8 టన్నులు. అంటే మీరు ఇన్నాళ్ళూ వేస్తున్న మోతాదులో తప్పు లేదు. అదే చేనుకు ప్రతి ఏడూ వేయడం తప్పు. బండిని మార్చనక్కరలేదు, చేనును మార్చాలి. మీ ఎరువుకు కావలసింది 170–180 ఎకరాలు, ఏటా అందులో మూడో వంతుకు. డైకాల్షియం ఫాస్ఫేట్ వేస్తూ ఉండి మానేస్తే 120 ఎకరాలకు దిగవచ్చు. మీ 60 ఎకరాలకు ప్రస్తుతం విరామం ఇవ్వండి. ఆ 60 కూడా ముక్కలుగా విడగొట్టి పరీక్ష చేయించండి. సాధారణంగా దొడ్డికి దగ్గరి ముక్కలో భాస్వరం అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. బండి అక్కడే ఎక్కువసార్లు ఖాళీ అవుతుంది మరి. దూరపు ముక్కల్లో తక్కువ వస్తే అక్కడ వేసుకోవచ్చు. తక్కిన ఎరువు చుట్టుపక్కల పశువులు లేని రైతులకు ఇచ్చి, బదులుగా గడ్డో చొప్పో తెచ్చుకోండి. వారి భూమికి భాస్వరం కావాలి, మీ దొడ్డికి కర్బనం కావాలి.

దూరం తోలడం బరువైన పని కాబట్టి కంపోస్టు చేయాలా అని అడుగుతారు. చేస్తే బరువు, పరిమాణం సగానికి తగ్గుతాయి, కలుపు గింజలు, రోగకారక క్రిములు చస్తాయి, చల్లడానికి తేలికగా ఉంటుంది. కానీ నత్రజనిలో మరో 20–40 శాతం పోతుంది, భాస్వరం ఇంకా చిక్కబడుతుంది. పక్క చేనుకు వేసేవారికి నేను కంపోస్టు చెప్పను. మీలాగా దూరానికి పంపవలసిన వారికి చెబుతాను. తేమ 50–60 శాతం ఉండాలి, పొడవాటి వరుసల్లో పోసి కనీసం 15 రోజులు 55 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచి, ఆ వ్యవధిలో అయిదుసార్లు తిరగేయాలి. కుప్ప మరీ ఎత్తుగా, సగం ఎండి ఉంటే లోపలి వేడికి తనంతట తానే అంటుకుంటుంది. రెండు మీటర్లకు మించనివ్వకండి. ఒక హెచ్చరిక: అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ వంటి కలుపు మందులు కొట్టిన గడ్డి మేస్తే ఆ మందు పశువు కడుపులోంచి చెక్కు చెదరకుండా పేడలోకి వస్తుంది, కంపోస్టు చేసినా త్వరగా విరగదు. టమాట, చిక్కుడు వంటివి వంకరలు తిరిగిపోతాయి. ఇంకొకరికి ఇచ్చేముందు ఆ ఎరువు కలిపిన కుండీలో నాలుగు చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూడటం మన బాధ్యత.

చల్లే రోజు కొలత తప్పనిసరి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న టార్పాలిన్ చేనులో పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి, బండిని మామూలు వేగంతో దాని మీదుగా నడపండి. పడినదాన్ని మడిచి తూకం వేయండి. 18 కిలోలు వస్తే చదరపు మీటరుకు 2 కిలోలు, ఎకరానికి 8 టన్నులు. మూడు చోట్ల చేయండి, మూడూ వేరుగా వస్తాయి. ఒక చేనులో నడిమధ్య 30 కిలోలు, అంచున 6 కిలోలు వచ్చాయి మాకు. ఆ చేనులో పైరు చారలు చారలుగా ఎందుకు పెరుగుతోందో ఆ రోజు అర్థమైంది. చల్లిన రోజే దున్ని కలిపేయాలి. రెండు మూడు రోజులు పైన వదిలితే అమ్మోనియా రూపంలో ఉన్నది చాలావరకు పోతుంది. వాన రాబోతుంటే చల్లకండి. కుంటకు 30 మీటర్ల లోపు అసలే వేయకండి, ఆ పట్టీని గడ్డికి వదిలేయండి.

ఆ చేను మేతే కోడెలకు పెడుతున్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఎరువు, యూరియా బాగా పడిన చేను వానలు లేక వాడితే మొక్కజొన్న, జొన్న కాండం అడుగు భాగంలో నైట్రేట్ పేరుకుంటుంది. అది తిన్న పశువు రక్తం చాక్లెట్ రంగుకు తిరిగి, ప్రాణవాయువు అందక పడిపోతుంది. వాడిన చేనును కోసేముందు పరీక్ష చేయించండి, కోసినా నేలకు అడుగు పైన కోయండి. పాతర వేస్తే నైట్రేట్ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

యూరియా సంగతికి వస్తే, ఈ ఏడాది వేయవలసిందే. విరామం ఇచ్చిన చేనులో భాస్వరం ఎరువు ఒక్క గింజ కూడా వద్దు, డీఏపీ వంటివి దరిచేరనివ్వకండి, నత్రజని మాత్రమే కావాలి. పాత ఎరువుల నుంచి విడుదలయ్యేది ఏటా తగ్గుతూ పోతుంది, అది ఎంతో మీ మట్టి చెప్పాలి గాని నేను చెప్పలేను. అందుకని చేను అడ్డంగా, ఆరు వరుసల వెడల్పున రెండు పట్టీలు గుర్తు పెట్టండి. ఒకదానికి యూరియా పూర్తిగా ఆపండి, ఇంకొకదానికి మీరు అనుకున్నదానిలో సగం వేయండి, తక్కిన చేనంతా మామూలుగా వేయండి. కోత రోజు ఆ రెండు పట్టీలను, పక్కనున్న ఆరు వరుసలను విడివిడిగా కోసి తూకం వేయించండి. ఆ మూడు తూకాలు, ఎరువు పరీక్ష నివేదిక, మీ మేత పట్టిక ఇక్కడ పెడితే వచ్చే ఏడాది మోతాదు కలిసి లెక్క వేద్దాం.